ఫుసా జీపుకి కొత్త లైట్లు

మంగళవారం పొద్దున్న ఆరు గంటలకి చికామి ఫుసా తలుపు తీసేసరికి గుమ్మం ముందు చెక్కపెట్టెలో ఒక ఖర్బూజా ఉంది. కింద మెత్తటి కాగితపు పీచు పరిచారు. తొడిమ తెంపకుండా అందంగా వదిలేశారు. పెట్టె మీద ఎవరి పేరూ లేదు.

అంతకుముందు వచ్చినవాటి మీదా పేర్లు లేవు. గురువారం మూడు ముల్లంగులు, శనివారం చిలగడదుంపలు, సోమవారం గుడ్డలో చుట్టిన ఎర్ర గుమ్మడికాయ. అవి ఆమెకి వింతగా అనిపించలేదు. ఆ కొండమీద ఉన్న పన్నెండు ఇళ్లలో ఎవరికేది ఎక్కువ పండితే అది చడీచప్పుడూ లేకుండా పక్కవాళ్ల గుమ్మంలో పెట్టిపోతారు. ముల్లంగి వంకర చూసి అది ఎవరి పొలానిదో ఫుసా చెప్పేయగలదు. పెట్టెలో ఖర్బూజా సంగతి వేరు. అది అక్కడ పండదు. కోచి పట్నం దాకా వెళ్లి కొనాలి. అంత దూరం వెళ్లి కొనేది రోగిని చూడబోయేటప్పుడే.

ఫుసా పెట్టె పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఆమె మొగుడు తెరువొ గిన్నెలు కడుగుతున్నాడు.

"ఏమయ్యా, నీకేమైనా జబ్బా?"

"నాకెందుకుంటుంది?"

"మరి ఖర్బూజా వచ్చింది."

తెరువొ ఖర్బూజా వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు, కడుగుతున్న పళ్లెం వైపు చూశాడు. "అది నీకే అయ్యుంటుందిలే."

"నాకేం రోగం?"

"అది నువ్వే చెప్పాలి. చెప్తావేమోనని మొన్న ఆదివారం నుంచీ చూస్తున్నా."

అప్పుడు ఫుసాకి వెలిగింది. మొన్న ఆదివారం నుంచే ఈయన గిన్నెలు కడుగుతున్నాడు. నలభై ఆరేళ్ల కాపురంలో ఆయన గిన్నె ముట్టుకున్నది తినడానికే. ఏదో పగలగొట్టి దాచిపెట్టి ఉంటాడని, బయటపడే దాకా కడగనిద్దామని ఆమె నోరు మెదపలేదు.

"నాకు రోగమని నీకెవరు చెప్పారు?"

"క్షవరం షాపులో అందరూ అనుకుంటున్నారు. నువ్వు సెలవు తీసుకుంటున్నావని."

"సెలవా? ఎక్కడికి పోతున్నానట?"

తెరువొ నురగ చేత్తో ఇంటి కప్పు వైపు చూపించాడు. "పైకి."

ఫుసాకి డెబ్బై ఒకటి. అంతకు ముందురోజే నలభై కిలోల యుజు నిమ్మపళ్లు దింపి, బుట్టలు తనే ఎత్తింది. పైకి వెళ్లాలంటే పైతోటకి తప్ప ఇంకెక్కడికీ వెళ్లే ఉద్దేశం ఆమెకి లేదు.

ఆ పైతోట గురించే మొగుడూ పెళ్లాలకి పందెం నడుస్తోంది. అందులో నలభై మూడు యుజు చెట్లు ఉన్నాయి. అన్నీ ఫుసా తన చేత్తో నాటినవే. చివరి కిలోమీటరు దారి దారిలా ఉండదు, ఎండిపోయిన వాగులా ఉంటుంది. దాన్ని ఎక్కగలిగింది ఆ ఇంట్లో ఒక్కటే, ముప్పై నాలుగేళ్ల ఆకుపచ్చ జిమ్నీ జీపు. తెరువొకి మాత్రం సీటు వెచ్చబడే తెల్ల వ్యాను కావాలి. జీపులో కూర్చుంటే తన వెన్నుపూసలు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయంటాడు. రెండేళ్లకోసారి బండిని ప్రభుత్వ తనిఖీకి తీసుకెళ్లాలి. ఈసారి తనిఖీలో జీపు తప్పితే దాన్ని అమ్మేసి వ్యాను కొనాలి, పైతోట అడవికి వదిలేయాలి. నెగ్గితే తెరువొ మళ్లీ వ్యాను మాటెత్తకూడదు. అదీ పందెం. తనిఖీ శుక్రవారం.

కిందటిసారి తనిఖీ చేసినాయన జీపు హెడ్‌లైట్ల ముందు వంగి, వెలుగుతున్నాయా లేదా అని చెయ్యి అడ్డుపెట్టి చూశాడు. ఈసారికి సరేగానీ మళ్లీ వచ్చేటప్పటికి మార్చుకోండని చెప్పి పంపాడు. అందుకే ఫుసా ఎల్‌ఈడీ లైట్లు తెప్పించింది. రెండు గుండ్రటి హెడ్‌లైట్లు, ముందువీ వెనకవీ ఇండికేటర్లకి బల్బులు. తొమ్మిదో తారీఖు ఆదివారం తనే కూర్చుని బిగించింది. తెరువొ పీట వేసుకుని పక్కన కూర్చుని, డబ్బాలో వచ్చిన కాగితం పైకి చదివాడు. అది ఏ దేశపు భాషలోంచో మనిషి చెయ్యి తగలకుండా దిగినట్టుంది.

"మూడు. పాత దీపమునకు వీడ్కోలు పలుకుము."

"పలికాను. తర్వాత?"

"నాలుగు. కొత్త దీపమును దాని గదిలో సంతోషముగా కూర్చుండబెట్టుము."

సంతోషంగా ఏమీ కూర్చోలేదు. ఎడమవైపు హెడ్‌లైటు రింగు స్క్రూ తుప్పుపట్టి, నూనె పోసి తిప్పితే తల ఊడి చేతిలోకొచ్చింది. ఫుసా కుట్టుమిషను డబ్బాలో వెతికి ఇంకో స్క్రూ వేసింది. చివర్లో తెరువొని బండి వెనక నిలబెట్టి ఇండికేటర్ వేసింది.

"వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

"ఆరుతోందా?"

"ఆరుతోంది."

"మళ్లీ?"

"వెలుగుతోంది."

అడిగినదానికి చెప్పాడు. ఆమె అడగనిది చెప్పలేదు. కొత్తవి కదా, ఇలాగే ఉంటాయి కాబోలు అనుకున్నాడట.

ఆ మర్నాటి నుంచి ఫుసా జీపుని మామూలుగానే నడిపింది. కొండదారి ఒక బండి పట్టేంత వెడల్పు. మధ్యమధ్య కొంచెం చోటున్న మలుపులుంటాయి. ఎదురుబండి కనిపిస్తే, మలుపుకి దగ్గరున్నవాళ్లు వెనక్కి తీసి దారిస్తారు. దాటిపోయినవాళ్లు నాలుగు ఇండికేటర్లూ కలిపి రెండుసార్లు వెలిగించి కృతజ్ఞత చెప్తారు. చెప్పకుండా పోతే ఆ సంగతి మనవల పెళ్లిళ్ల దాకా గుర్తుంటుంది. ఫుసా ఎప్పుడూ బటన్ నొక్కి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి వదిలేస్తుంది. మూడోది మర్యాదకి. జీపు ఇంజను చప్పుడులో ఇండికేటర్ టిక్కుటిక్కు వినబడదు. స్టీరింగ్ ముందున్న ఇండికేటర్ గుర్తు దీపం ఆరిపోయి పదేళ్లయింది.

"ఇంకో మాట," అన్నాడు తెరువొ వంటింట్లో నురగ చేతులు తుడుచుకుంటూ. "పందెం వదిలేద్దాం. జీపు ఉంచుకో. నువ్వున్నన్నాళ్లు నీదే."

గెలిచిన పందెమే. కానీ చచ్చిపోతున్నందుకు బహుమతిగా వచ్చిన జీపు తీసుకోవడానికి ఫుసా ఒళ్లు ఒప్పుకోలేదు. ఖర్బూజా చంకన పెట్టుకుని జీపెక్కి, కింద టోఫూ అమ్మే యోనే ఇంటికి దిగింది. కొండమీద ఏ కబురైనా టోఫూ వ్యానులోనే తిరుగుతుంది.

యోనే ఆమెని చూసి గరిటె కింద పెట్టేసింది. "అక్కా, నువ్వెందుకు దిగొచ్చావు? కబురు పంపితే నేనే వచ్చేదాన్నిగా. కూర్చో. కాదు, పడుకో."

"పడుకోను. ఈ ఖర్బూజా నీదేనా?"

"నాదే. నీకు ఇష్టమని." యోనే ముక్కు తుడుచుకుంది. "ఎన్నాళ్లన్నారు డాక్టర్లు?"

"డాక్టర్లని చూసి మూడేళ్లయింది. నేను పోతున్నానని నీకెవరు చెప్పారే?"

"నువ్వే చెప్పావుగా అక్కా. పోయిన మంగళవారం మూడో మలుపులో నీకు దారిచ్చాను. ఏడుసార్లు చెప్పావు."

"ఏం చెప్పాను?"

"కృతజ్ఞత. ఏడుసార్లు. నేను చేసిందేముందీ, నాలుగు గజాలు వెనక్కి తీశాను. దానికి ఏడుసార్లా? ఇంటికెళ్లి కూర్చుంటే అన్నీ గుర్తొచ్చాయి. మా అమ్మ పోయినప్పుడు నువ్వు వండిపెట్టింది, నీ గొడుగు నేను ఇప్పటికీ తిరిగివ్వంది. సాయంత్రం పోస్టుమ్యాన్ వచ్చి, ఫుసాసాన్ నాకూ ఏడుసార్లు చెప్పారండీ అన్నాడు. కట్టెల కొట్టాయనకి ఎనిమిది. ఇంకేం అనుకోమంటావు? పైగా పట్టపగల్లాంటి లైట్లు పెట్టించావు. కళ్లు కూడా పోతున్నాయి పాపం అనుకున్నాం."

"ఒక్కళ్లయినా నన్ను అడగొచ్చుగా."

"అయ్యో, ఎలా అడుగుతామక్కా? నువ్వంత గుట్టుగా చెప్తుంటే."

ఫుసా ఆమెని చెయ్యిపట్టి లాక్కెళ్లి జీపులో కూర్చోబెట్టి, బటన్ నొక్కమని, తను వెనక్కి వెళ్లి నిలబడింది. నాలుగు ఇండికేటర్లూ చలికి వణుకుతున్న మనిషి పళ్లలా టకటకా కొట్టుకున్నాయి.

"ఆపు," అంది ఫుసా. "చూస్తుంటే నాకే నామీద జాలేస్తోంది."

నది ఒడ్డున ఒబానా అనే ముసలి మెకానిక్ షెడ్డు ఉంది. ఫుసా జీపుని అక్కడికి తీసుకెళ్లి బటన్ నొక్కితే, ఆయన గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు లెక్కపెట్టాడు. పెదాలు అలిసిపోయాయి.

"నూట డెబ్బై ఆరు."

"ఎంతుండాలి?"

"అరవైకి తగ్గకూడదు, నూట ఇరవై దాటకూడదు. శుక్రవారం దీంతో వెళ్తే తనిఖీ లైను మొదట్లోనే వెనక్కి పంపేవాళ్లు." ఒబానా స్టీరింగ్ కింద దూరి, అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి పీకి చూపించాడు. "ఇది ఫ్లాషర్. పాత బల్బులు కరెంటు బాగా తాగేవి. ఈ కొత్తవి చప్పరిస్తాయంతే. దీనికది అర్థం కాక, బల్బు మాడిపోయిందని గాభరాపడి తొందరగా కొడుతోంది. ఎల్‌ఈడీకి సరిపడేది వేస్తే కుదురుకుంటుంది."

"అంటే యోనే ఖర్బూజా తేకపోతే నా జీపు పోయేదన్నమాట."

"పోయేది నువ్వని ఊరంతా అంటున్నారే ఫుసాసాన్," అన్నాడు ఒబానా. "నేను ఇవాళ సాయంత్రం ఖర్బూజా కొనుక్కొద్దామనుకుంటున్నా."

"అదీ పట్రా. తింటాను."

కొత్త ఫ్లాషర్ ఫుసానే బిగించింది. తల కింద పెడల్స్ దగ్గర, కాళ్లు సీటు మీద. ఒబానా మళ్లీ లెక్కపెట్టాడు. ఎనభై ఎనిమిది. ఇంటికొచ్చి ఆమె మొగుడికి జరిగిందంతా చెప్పింది. తెరువొ చాలాసేపు ఆలోచించి, చేతిలో ఉన్న గిన్నె కడగకుండానే తొట్లో పెట్టేశాడు.

"అయితే పందెం ఉన్నట్టే," అన్నాడు.

"ఉన్నట్టే," అంది ఫుసా.

బుధవారం ఆమె పైతోటకి వెళ్తూ కట్టెల కొట్టాయనకి మామూలుగా మూడుసార్లు కృతజ్ఞత చెప్పింది. పోస్టుమ్యాన్‌కీ మూడే. గురువారం పొద్దున్న గుమ్మంలో ఎర్ర చిక్కుడుగింజల అన్నం రెండు డబ్బాలు ఉన్నాయి. అది శుభం జరిగితే వండేది. గండం గట్టెక్కిందని ఊరు తీర్మానించినట్టుంది. జబ్బు తగ్గినవాళ్లు వచ్చిన కానుకలకి బదులివ్వాలి. అసలు జబ్బే లేనివాళ్లు ఏమివ్వాలో ఎవరికీ తెలియదు. ఇస్తే జబ్బు చేసినట్టు, ఇవ్వకపోతే మర్యాద లేనట్టు. తెరువొ, ఫుసా రాత్రి భోజనాల దగ్గర దాని గురించే మాట్లాడుకుని, ఏమీ తేలక ఆ అన్నం రెండు డబ్బాలూ తినేశారు.

శుక్రవారం ఇద్దరూ జీపులో కోచి వెళ్లారు. లైనులోకి ఫుసా ఒక్కతే వెళ్లింది. తెరువొ బయట బల్ల మీద కూర్చున్నాడు. ఇండికేటర్లు చూసినాయన తలూపి పొమ్మన్నాడు. బ్రేకులు బాగున్నాయి. హెడ్‌లైట్ల దగ్గర యంత్రం ముందుకొచ్చి నిలబడింది. కుడివైపు లైటుకి బోర్డు మీద నెగ్గినట్టు గుండ్రటి గుర్తు పడింది. ఎడమదానికి కొట్టివేత గుర్తు.

ఫుసా జీపుని బయటికి తెచ్చి ఆపింది. తెరువొ వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"తప్పిందా?"

"ఎడమది కిందకి చూస్తోందట. వెలుతురు సరిపోతుంది, పడాల్సిన చోట పడట్లేదు."

"తప్పితే అమ్మేద్దామనుకున్నాం."

"అనుకున్నాం." ఫుసా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. పైతోటలో ఇంకా సగం చెట్లు కోయాల్సి ఉంది. "ఏమయ్యా, ఆ కాగితంలో లైటు ఎత్తు సరిచేసే సంగతే లేదా? మొత్తం చదివావుగా."

తెరువొ కోటు జేబులు తడుముకుని, మడతపెట్టిన కాగితం తీశాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. వేలు పెట్టి వరుసగా కిందికి చదివాడు.

"ఉందా?"

"పదకొండు," అన్నాడు నెమ్మదిగా. "దీపము నేలను ప్రేమించినచో దాని గడ్డమును పైకి ఎత్తుము."

"ఇది నువ్వు చదవలేదే."

"పది దాకా చదివాను. అప్పటికి టీవీలో సుమో మొదలైంది. ఆ రోజే పోటీలు మొదలు."

తెరువొ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు, విప్పాడు, మళ్లీ పెట్టాడు. తనిఖీ భవనం గోడ మీదున్న నోటీసు కేసి చూశాడు.

"ఒకే రోజులో మూడుసార్ల దాకా వెళ్లొచ్చని రాసుంది," అన్నాడు. "రోజు అయిపోతే కదా తప్పినట్టు."

"నువ్వే అంటున్నావు, నేనడగలేదు."

"నేనే అంటున్నా. బండి పోనీ."

వీధి చివర హెడ్‌లైట్లు సరిచూసే చిన్న షాపు ఉంది. అక్కడి మనిషి కుట్టుమిషను స్క్రూని చూసి, ఇది ఎక్కడిదని అడిగి, జవాబు విన్నాక ఇంకేమీ అడగలేదు. సరైన స్క్రూ వేసి, పక్కనున్న మరను రెండు చుట్లు తిప్పాడు. రెండున్నరకి ఫుసా రెండోసారి లైనులోకి వెళ్లింది. ఎడమదానికీ గుండ్రటి గుర్తు పడింది.

తనిఖీ ఆఫీసు కిటికీలో ఇచ్చిన కొత్త స్టిక్కరు తెరువొనే అద్దానికి అంటించాడు, కొంచెం వంకరగా. తర్వాతి తనిఖీ రెండేళ్లకి, నవంబరు ఇరవై ఒకటిన. అప్పటికి ఫుసాకి డెబ్బై మూడు, జీపుకి ముప్పై ఆరు.