సొంత నెత్తురు

ఒక నరాల జబ్బు తాలూకు జన్యు గుర్తును రక్తంలో వెతికే పరిశోధనశాలలో అతను రక్తం తీస్తాడు. చేతి తొడుగులు వేసుకునే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంటాడు. భయపడేవాళ్లకి "ముందే తెలిస్తే మంచిదేగా" అని నచ్చజెబుతాడు. అతని అమ్మ ఆ జబ్బుతోనే పోయింది. అయినా ఆరేళ్లుగా తన రక్తం మాత్రం ఇవ్వలేదు.

ఒక ఉదయం చెల్లెలు వచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. "నువ్వు చేయించుకున్నావా అన్నయ్యా?" అంది. "ఎప్పుడో. ఏమీ లేదని వచ్చింది" అన్నాడు, గొట్టం మీద ఆమె పేరు రాస్తూ. "హమ్మయ్య. నీకు లేకపోతే నాకూ ఉండదులే" అని ఆమె రక్తం ఇవ్వకుండానే సంచి అందుకుని లేచింది. అన్నకు లేనంత మాత్రాన చెల్లెలికి ఉండదని చెప్పలేమని రోజూ పదిమందికి వివరించే అతను ఖాళీ గొట్టాన్ని పక్కన పెట్టేశాడు. ఆమె తలుపు దాటాక వెనకే పరుగెత్తాడు. మెట్ల దగ్గర ఆపి, "అబద్ధం చెప్పానమ్మా. నాకు భయం" అన్నాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది. తర్వాత "పద, ముందు నీది ఇవ్వు" అంది.

అతను కుర్చీలో కూర్చున్నాడు. తోటి ఉద్యోగిని కాగితం తీసి, "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని అలవాటుగా అడిగింది. "మా అమ్మకి" అంది చెల్లెలు. ఆరేళ్లుగా పక్క బల్ల దగ్గరే పనిచేస్తున్న ఆమె రాయడం ఆపి తలెత్తింది. అతను గోడవైపు తిరిగి చెయ్యి చాపాడు.