మైనస్ పక్క పది అడుగులు

2022 ఎండాకాలం, కరీంనగర్. కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతూ, తీరిక దొరికితే బేసిక్ అనే పాత కంప్యూటర్ భాషకు ఎమ్యులేటర్ కట్టుకుంటున్నాను. ఎమ్యులేటర్ అంటే మూలనపడ్డ కంప్యూటర్‌లా ఇప్పటి కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాం. ఎవరి పిచ్చి వారికానందం.

ఒక బుధవారం ఆ సంగతి విని సామ్యూల్ సార్ అనే పెద్దాయన బెల్లంపల్లి నుంచి కాగితాల కట్టతో వచ్చారు. బొగ్గు బావిలో సర్వేయర్‌గా చేసి రిటైరయ్యారు.

"బిడ్డ ఇల్లు కడుతనంటుంది మేడం. గా జాగ కింద మా పాత గాలరీ ఉన్నదో లేదో జర తేల్చుండ్రి. ప్లాన్ చెదలు తిన్నది. నేను బేసిక్‌ల రాసిన ప్రోగ్రాం, రీడింగుల నోట్‌బుక్ గివే మిగిలినయి. సోమవారం పునాది తీస్తరు."

గాలరీ అంటే బొగ్గు తవ్వుకుంటూ పోయిన సొరంగం. అక్కడ అంత లోతు కూడా లేదట, పైన ఇల్లు కడితే కుంగిపోవచ్చు.

అంకెల జాబితాను చదివే రీడ్, డేటా ఆదేశాలు నా ఎమ్యులేటర్‌లో లేవు. అవి చేర్చి శనివారం నడిపాను. గాలరీ ప్లాటు బయటి నుంచి పోయింది. సార్ పాత నోట్‌బుక్‌లో రాసుకున్న చివరి అంకెకూ నాకు వచ్చినదానికీ మాత్రం పది అడుగుల తేడా.

"మీరు రాసుకోవడంలో పొరపాటై ఉంటుంది సార్. నిశ్చింతగా తవ్వించండి" అన్నాను ఫోన్లో.

"ఎట్లయితది మేడం? గా లెక్క పట్టుకొనే అటుకెళ్లి ఒక జట్టు, ఇటుకెళ్లి ఒక జట్టు తవ్వుకుంట వచ్చి నడుమ కలిసినం. తప్పుంటే కలిసేటోళ్లమా?"

నాకు కోపం వచ్చింది. ఆ వెనకే భయం. రాత్రంతా నా ప్రోగ్రాంను వరుస వెంట వరుస మళ్లీ చదివాను.

ఆదివారం పొద్దున తప్పు దొరికింది. ఇంట్ అనే ఫంక్షన్ దశాంశాన్ని తీసేస్తుంది. పాత బేసిక్‌లో మైనస్ రెండున్నర ఇస్తే మైనస్ మూడు వస్తుంది. నేను రాసింది మైనస్ రెండు ఇస్తోంది. సార్ ప్రతి కొలతనూ ఆ ఫంక్షన్‌తోనే అడుగులో పదోవంతుకు సరిచేశారు. పడమటి కొలతలన్నీ మైనస్. కొలతకు పదోవంతు చొప్పున వంద కొలతలకు పది అడుగులు జారిపోయాయి. దిద్ది నడిపితే నోట్‌బుక్ అంకె అచ్చంగా వచ్చింది. గాలరీ ప్లాటు కింది నుంచే పోతోంది.

ఫోన్ చేస్తే సార్ ఎత్తరు. నాలుగుసార్లు, ఐదుసార్లు. కూర్చోలేక గదంతా తిరిగాను.

"చర్చిల ఉంటి మేడం" అన్నారు చివరికి.

"తవ్వకం ఆపండి సార్. గాలరీ ప్లాటు కిందే ఉంది. తప్పు నాది."

"నాకెరుకే. మీరు తవ్వుమన్నంక బిడ్డ నా మాట ఇనలే. కంప్యూటర్ చెప్పింది, నీకేం తెల్సు బాపు అన్నది. పక్కనే ఉన్నది, మీరే చెప్పుండ్రి."

ఆమెకు చెప్పాను. "మీ బాపు లెక్కే రైటమ్మా."

పాత యంత్రం జవాబుకూ నా జవాబుకూ తేడా వస్తే ఇప్పుడు ముందు నన్నే అనుమానించుకుంటాను. ఆ లెక్కను నమ్మి భూమి లోపలికి దిగిన మనిషితో, నేను కుర్చీలో కూర్చుని అది పొరపాటన్నాను.