పిట్ట ముట్టిన తర్వాత

మా మేనత్త పోయిన వారం కరీంనగర్‌లో, మా ఇంట్లోనే కన్నుమూసింది. ఆమె కోసం మా ఇంట్లో ఏడవడం ఇది రెండోసారి.

మొదటిసారి నేను కాన్వెంటులో చిన్న తరగతి. అత్త గుండెలో కవాటం మూసుకుపోతున్నదని, పట్నంలోని పెద్ద వైద్య కళాశాల దవాఖానలో డాక్టరు లోపలికి వేలు పోనిచ్చి తెరుస్తాడని బాపు చెప్పాడు. బాపు, మామ ఆమె వెంట వెళ్లారు. ఆపరేషనుకు ముందు ఒంటి మీది సొమ్ములు తీసేయమన్నారట. పుస్తెలు, మెట్టెలు, ముక్కుపుల్ల రుమాలులో కట్టి, ఇటు వస్తున్న తెలిసినాయన చేతికిచ్చాడు మామ. ఆయన ఆలస్యమైతే ధర్మపురి బస్సు దొరకదని, మూట నాయనమ్మ చేతిలో పెట్టి, సంగతేమీ చెప్పకుండానే వెళ్లిపోయాడు. ముత్తైదువ సొమ్ములు అట్లా మూటగా ఇల్లు చేరేది ఆమె పోయినప్పుడే. నాయనమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. అక్కడే కాల్చి ఉంటారనుకున్నారు. మూడోనాడు ఆమె పేరిట అన్నం వండి పిట్టకు పెట్టారు. కాకి ముట్టింది.

కొన్నాళ్లకు బాపు, మామల వెంట అత్త మా వాకిట్లో రిక్షా దిగింది. వాడకట్టు ఆడవాళ్లు ఆమె ముఖం చూడలేదు, వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని పాదాలు చూశారు. సంగతి తెలిసి అత్త నవ్వింది.

"పిట్ట ముట్టిందా, అవ్వా?"

"పిలువకముందే అచ్చింది," అన్నది నాయనమ్మ.

"ఆకలిగొన్నోళ్లు ఎవలో తిన్నరు తియ్యి. ఇగ నాకింత పెట్టు."

నాయనమ్మ పెట్టలేదు. కూతురి ఎదమీద అరచేయి ఆనించింది. ఆ గుండె ఏండ్లుగా, నిద్రపోయే పిల్లిలాగా, చేతికింద గురగురమనేది. ఇప్పుడు శుభ్రంగా కొట్టుకుంటున్నది. నాయనమ్మ చేయి వెనక్కి తీసుకుంది.

"గిది నా బిడ్డ గుండె గాదు."

ఆ తర్వాత అత్త చేతి నీళ్లు ఆమె తాగలేదు. అయినా అత్త రోజూ చెంబు నింపి పక్కన పెట్టేది. మా ఇంట్లోనే ఉండి, మామ మగ్గానికి నూలు కండెలు చుడుతూ అత్త నాచేత బడిపుస్తకాలు చదివించుకునేది. నత్తితో నేను తడబడితే తొందరపెట్టేది కాదు. దవాఖానలో డాక్టరీ చదివే పిల్లలు వరుసగా వచ్చి గొట్టం పెట్టి వినేవాళ్లట. "అందరు గుండెను ఇన్నరు. నన్ను ఇన్నోళ్లు లేరు," అనేది. సరిగ్గా మాట్లాడలేని నాకు వినడమైనా వచ్చిందంటే ఆమె దగ్గర నేర్చుకున్నదే.

నిరుడు ఆయాసం తిరగబెట్టింది. కవాటం మళ్లీ మూసుకుంటున్నది, వెంటనే పట్నం తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. ఆ రోజు నాయనమ్మ ఎందుకో ఆమె ఎదమీద చేయి వేసింది. చేతికింద మళ్లీ ఆ పాత గురగుర. చాలాసేపు తీయలేదు.

"అచ్చినవా, బిడ్డా," అన్నది.

తన కంచంలోనే కలిపి ముద్దలు పెట్టింది. బాపు ఎంత బతిమాలినా అత్త మళ్లీ పట్నం పోలేదు. "ఇప్పుడే గద, అన్నా, ఇల్లు చేరిన," అన్నది.

పోయిన వారం పొద్దున ఆమె ఊపిరి ఆగింది. నాయనమ్మ చేయి ఆ ఎదమీదే ఉన్నది. బాపు తీయబోతే, చప్పుడు చేయొద్దని సైగ చేసింది. మామ వెళ్లి మగ్గం ఆపమని పక్కింటివాళ్లకు చెప్పి వచ్చాడు. వాకిలి నిండా జనం. ఇంకా ఎవరూ ఏడవలేదు. నాయనమ్మ తల వంచి వింటున్నది. మేమందరం ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాం.