ముట్టకు, అడుగు

మా కంప్యూటర్ ల్యాబ్ సారు పోయాడు. శామీర్‌పేట రోడ్డు మీద, మా కాలేజీ గేటుకు ఎదురుగా డివైడర్ కోసి వదిలేసిన చోట, లారీ కింద పడి పోయాడు. కబురు తెచ్చిన వాచ్‌మన్ "యాక్సిడెంట్ అయింది" అన్నాడు. ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. యాక్సిడెంట్ అంటే ఎవరూ అనుకోనిది. ఆ కోత దగ్గర ఏదో ఒకనాడు ఇలా అవుతుందని అక్కడ మేసే బర్రెలకు కూడా తెలుసు.

మీకు ఆయన తెలియదు. నేను ఆ కాలేజీలో జనరేటర్ చూసేవాణ్ని. పదో తరగతి దాటని నాకు, తల నెరిశాక, లైనక్స్ అంటే ఏమిటో ఓపిగ్గా, కాదు, తిట్టి తిట్టి నేర్పినవాడు ఆయన. నా గదికీ సర్వర్ గదికీ మధ్య ఒకటే గోడ. జనరేటర్ గురించి చెప్పాల్సింది చాలా ఉంది. దానికి డీజిల్ కన్నా నేను పోసిన బూతులే ఎక్కువ. కానీ అది ఇప్పుడు కాదు.

సంతాప సభలో ఎవరో ఆయన్ను నెమ్మదస్థుడన్నారు. అబద్ధం. చాయ్ చల్లారితే కోపం, కీబోర్డు మీద మురుకులు రాలితే కోపం. ప్రతి వైరుకూ తెల్ల టేపు చుట్టి, స్కెచ్ పెన్నుతో 'ముట్టకు, అడుగు' అని రాసేవాడు.

ఒక ఏడాది సరిగ్గా పరీక్షల ముందు సర్వర్ ఎవరికీ అందకుండా పోయింది. హాల్‌టికెట్లన్నీ అందులోనే. కీసర నుంచీ గండిమైసమ్మ నుంచీ బస్సులు మారి వచ్చిన పిల్లలు వరండాలో నిలబడి ఉన్నారు. నేను సర్వర్ వెనక్కి వంగి చూశాను. వైరు గుచ్చిన చోట పచ్చలైటు మిణుకుమంటోంది.

"సారూ, లైటు మంచిగనే ఉన్నది గదా!"

"లైటుకేంది పెద్దాయనా, వైరు తగిలితె సాలు, వెలుగుతది. దాన్ని సూసుకునేటోడు ఉన్నడా, అది సూడు."

తెర మీద నెట్‌వర్క్ కార్డు పేరు పక్కన ఒకే మాట ఉంది: 'అన్‌మేనేజ్డ్'. అప్పుడే లోపలికి వచ్చిన కరస్పాండెంట్ గారి కన్ను దాని మీద పడింది. మా కాలేజీల్లో మేనేజ్‌మెంట్ అంటే యజమాని అని అర్థం. ఆయన మొహం ఎర్రబడింది.

"అన్‌మేనేజ్డ్ ఏందయ్యా? మేనేజ్‌మెంట్ ఈడ నిలబడ్డంక గట్లెట్ల రాస్తవ్? ముందు అది తీసెయ్!"

"నేను రాయలే సార్. అదే రాసుకున్నది."

"దానికెవరు నేర్పిండ్రు?"

నవ్వు ఆగక నేను దగ్గు తెచ్చుకున్నాను.

సంగతి ఇదీ. ఆ మిషన్‌లో నెట్‌వర్క్ చూసుకోవడానికి రెండు ప్రోగ్రాములున్నాయి, పాతవాడొకడు, కొత్తవాడొకడు అనుకోండి. కార్డు పేరు పాతవాడి ఫైల్లో ఉంటే, నాది కాదని కొత్తవాడు దాని జోలికి పోడు. ఆ పాతవాణ్ని ఎవరో ఆపేశారు. ఇక కార్డుకు దిక్కెవరు? సారు కొత్తవాడి ఫైలు తెరిచాడు. పాతవాడి కార్డులు కూడా నువ్వే చూడాలా అని ఉన్నచోట 'వద్దు'ను 'అవును' చేసి, వాణ్ని ఒకసారి పడుకోబెట్టి లేపాడు. ప్రింటరు కదిలింది. వరండాలో ఈలలు.

ఆయన కోపం మాత్రం దిగలేదు. "ఒక్కడుంటె వాణ్ని తిట్టొచ్చు. ఇద్దరుంటె ఎవణ్ని తిట్టాలె? ఏది ఖరాబైనా, అది ఎవని చేతుల ఉన్నదో ముందు అడుగు పెద్దాయనా."

రోడ్డు కోత గురించి కూడా ఆయనే అడిగాడు. స్పీడ్ బ్రేకర్ వేయమని ఒక ఆఫీసుకు పోతే, రోడ్డు మాది కాదన్నారు. ఇంకో ఆఫీసుకు పోతే, రోడ్డు మాదే గానీ కోత మేం కోయలేదన్నారు. తిరిగొచ్చి, "గీ రోడ్డు గూడ అన్‌మేనేజ్డే పెద్దాయనా" అని నవ్వాడు. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపమే. మురుకుల పొడికి మీద పడి అరిచే మనిషి, అక్కడ అరవకుండా ఎందుకు నవ్వాడు?

ఆయన పోయాక అక్కడ పసుపు లైటు ఒకటి పెట్టారు. అది మిణుకుమంటూనే ఉంటుంది. లారీలు అదే జోరున పోతూనే ఉంటాయి.

చూసీ చూసీ, ఖాళీ డీజిల్ డ్రమ్ములకు సున్నం వేసి, ఇసుక నింపి, కోతకు అటొకటి ఇటొకటి నిలబెట్టాను. మర్నాడే రెండు ఆఫీసుల వాళ్లూ దిగారు. వాళ్లు ఒకచోట కలవడం నేను చూడటం అదే మొదలు.

"ఎవరు పెట్టిండ్రయ్యా ఇవి? జల్దీ తీసెయ్."

"తీస్త సార్. ఈ జాగ మీ ఇద్దర్ల ఎవరిదో చెప్పుండ్రి, ఆయన ముంగట్నే తీస్త."

ఎవరి జీపు వాళ్లు ఎక్కారు.

డ్రమ్ములు అక్కడే ఉన్నాయి. సారు చేత్తో రాసిన తెల్ల టేపు ముక్క ఒకటి సర్వర్ గదిలో మిగిలితే, తెచ్చి ఒకదానికి అంటించాను. అక్షరాలు మరీ చిన్నవి. అదేమిటో చదువుదామని, మలుపు తిరిగే ప్రతి బండీ అక్కడ కాస్త నెమ్మదిస్తోంది.