తడపని బట్ట

మ్యూజియం తోటకు నేను మొదటిసారి పోయింది నా స్నేహితుడు అక్కడ ఎవరితో కూర్చుంటున్నాడో చూడటానికి. మట్టెవాడలో బట్టల దుకాణం నడుపుకునే మనిషి, అరవైకి దగ్గర పడ్డవాడు, గిరాకి వదిలేసి ఆటో ఎక్కి ఇలాంటి పనికి పోయాడని రాయడానికి సిగ్గుగానే ఉంది.

నా స్నేహితుడు దర్జీ. ముప్పై ఏళ్లుగా మా దుకాణం అరుగు మీదే అతని మిషన్. నేను బట్ట కొలిచి చింపుతాను, అతను కుడతాడు. నేను భాయ్ అంటాను, అతను సేటు అంటాడు. మధ్యాహ్నం గిరాకి పలచబడగానే ఒక చాయ్ తెప్పించుకుని చెరి సగం తాగేవాళ్లం. పెద్దగా మాట్లాడుకునేది ఏమీ ఉండేది కాదు. అతను చొక్కాలకు కాజాలు కుడుతుంటే నేను చూస్తూ కూర్చునేవాడిని, అంతే.

నిరుడు అతనికి కంటి ఆపరేషన్ అయింది. రోజంతా సూది వైపే చూడకుండా కాసేపు పచ్చటి చోట కూర్చుని దూరంగా ఉన్నవాటిని చూడమని డాక్టరు చెప్పాడట. మట్టెవాడలో పచ్చదనమంటే ఆకుకూరల బండే. అందుకని హనుమకొండలో ఉన్న మ్యూజియం తోటకు పోవడం మొదలుపెట్టాడు.

"నువ్వు గూడ రా సేటు. జర గాలి తగుల్తది."

"నేనొస్తే దుకాణం ఎవరు సూస్తరు? నీ మిషనా?" అన్నాను.

మూడుసార్లు పిలిచాడు. నాలుగోసారి పిలవలేదు. ఆ తర్వాత అతని మాటల్లోకి "సార్" వచ్చాడు. రిటైరైన బడిపంతులు, తోటలో పరిచయమట. తోటలో తల లేని ఆ రాతి మనిషి యుద్ధంలో చచ్చిపోయిన వీరుడని సార్ చెప్పిండు. ఆ నంది చెవి అట్ల ఎందుకు విరిగిందో సార్ చెప్పిండు. మా అరుగు మీద కూర్చుని, నా చాయ్‌లో సగం తాగుతూ, సార్ చెప్పిండు, సార్ చెప్పిండు.

అందుకే ఆ రోజు పోయాను. చౌరస్తాలో హారన్లకు చెవులు పగిలిపోతున్నాయి. గేటు దాటి పది అడుగులు వేస్తే ఉడుత అరుపు వినబడింది. కానుగ చెట్ల కింద వరసగా విరిగిన శిల్పాలు, వాటి ఒళ్లో రాలిన ఆకులు. అవతల బెంచీ మీద వాళ్లిద్దరూ. సార్ ఏదో అన్నాడు. భాయ్ తొడ చరుచుకుని, టోపీ కింద పడేంతగా నవ్వాడు. ముప్పై ఏళ్లలో నా మాటకు అతను అలా నవ్వలేదు. పక్కన ఫ్లాస్కు, రెండు కప్పులు. ఇద్దరికీ నిండా.

వాళ్లకు కనబడకుండా వెనక్కి వచ్చేశాను.

తర్వాతి వారం సార్ స్వయంగా మా దుకాణానికి వచ్చాడు. భాయ్‌తో లాల్చీ కుట్టించుకోవాలట. తెల్ల నూలు బట్ట అడిగాడు. మర్యాదగల మనిషి, బేరం కూడా చేయలేదు. అది కూడా నాకు నచ్చలేదు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకుకే గుంజుకుంటుంది. అందుకని భాయ్ కుట్టబోయే బట్టను నేనే ముందుగా తడిపి, మేడ మీద ఆరేసి, ఇస్త్రీ చేసి, మూలన సుద్దతో ఒక గీత గీసి ఇస్తాను. ఆ గీత ఉంటే కొలత ఎంతుందో అంతకే అతను కత్తెర వేస్తాడు. తాకి చూస్తే తడిపిందో లేదో ఏ దర్జీకైనా తెలుస్తుంది. కానీ నా గీత చూశాక అతను ఏనాడూ తాకి చూడలేదు.

సార్ బట్టను నేను తడపలేదు. ఇస్త్రీ చేసి గీత గీశాను. మరిచిపోయి చేసింది కాదు. లాల్చీ పాడైతే ఇద్దరి మధ్య మాట వస్తుంది, మాట వస్తే తోట మానుకుంటాడు, మళ్లీ అరుగు మీదకు వస్తాడు. నా లెక్క అది.

అనుకున్నట్టే మొదటి ఉతుకుకు లాల్చీ పొట్టిదైపోయింది. మాట మాత్రం రాలేదు. సార్ ఏమీ అనలేదట. ఆయన లాల్చీ చేతులు పైకి పోయి ఉండటం చూసి భాయే తెలుసుకున్నాడు. ఆ సాయంత్రం అరుగు మీద టేపు పరిచి, అంకెలను కళ్లకు దగ్గరగా, దూరంగా పెట్టి చూసుకున్నాడు.

"నాలుగు వేళ్లు తక్కువ కోసిన సేటు. నాలుగు వేళ్లు! ఆపరేషన్ ఖరాబైనట్టుంది."

నేను గల్లాపెట్టె సర్దుతూ ఉండిపోయాను.

"ఇగ బంద్ జేస్త. ఒకరి బట్ట ఖరాబ్ జేసుడు కన్న ఇంట్ల కూసునుడు నయం."

మర్నాడు మిషన్ మీద దుప్పటి కప్పేశాడు. వారమైనా తీయలేదు. మధ్యాహ్నాలు తోటకు పోవడం మాత్రం మానలేదు. నేను కోరింది ఒకటి, జరిగింది దానికి సరిగ్గా తలకిందులు.

ఎనిమిదో రోజు నేనూ తోటకు పోయాను. ఈసారి దాక్కోలేదు. సార్ ఆ పొట్టి లాల్చీయే వేసుకుని ఉన్నాడు, చేతులు మణికట్టుకు బెత్తెడు పైకి.

"రండి సేటు. సూస్తున్నరా మా ఫ్యాషన్? చేతులు మడత పెట్టే పని తప్పింది," అన్నాడు. భాయ్ తల దించుకున్నాడు.

నిలబడే చెప్పాను. "భాయ్, బట్ట నేను తడపలే. తడపకుండనే గీత గీసిన. కావాలనే గీసిన. నువ్వు ఈయనతోటి కూసుంటే నాకు సయిస్తలేకుండె."

సార్ కప్పు కింద పెట్టాడు. భాయ్ నా వైపు తిరిగాడు.

"అంటే... నా కండ్లు మంచిగనే ఉన్నయా?"

"మంచిగనే ఉన్నయ్."

"కొలత తప్పలేదా?"

"తప్పలే భాయ్."

లేచి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. అతను సార్ రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. "ఇన్నరా సార్! నా కండ్లు మంచిగనే ఉన్నయట! నా చెయ్యి తప్పలే సార్!"

ఆ కబురు తెచ్చింది నేను. సంతోషం పంచుకున్నది ఆయనతో. తప్పు ఒప్పుకున్న నోటి తడి ఇంకా ఆరలేదు, లోపల మళ్లీ అదే మంట. ముందు నాతో మాట్లాడు అనబోయి నాలుక కరుచుకున్నాను.

కోపం ఆ తర్వాత వచ్చింది. పెద్దగా అరవలేదు.

"సేటు, వారం దినాలు నిద్రపోలే నేను. గుడ్డోన్నయితున్న అనుకున్న. నువ్వు ఎదురుంగనే కూసోని సూసినవ్." గేటు వైపు చెయ్యి చూపించాడు. "పో ఇగ. ఇయ్యాల నీ మొకం సూడబుద్ధయితలేదు."

"రేపు మిషన్..."

"మిషన్ నాది. తీస్త. నువ్వు పో."

వెనక్కి తిరిగి చూడకుండా పోవడం ఆ రోజు నేను చేయగలిగిన ఒక్క మంచి పని. అదైనా పూర్తిగా చేయలేకపోయాను. గేటు దగ్గర తిరిగి చూశాను. భాయ్ సార్‌ను బెంచీ ముందు నిలబెట్టి, భుజం నుంచి మణికట్టు దాకా జానలేసి కొలుస్తున్నాడు.