నీడలో పూయని బంతి

మా బావగారు, అంటే మావారి అన్న, పక్క వాటాలో మూడంతస్తుల మేడ లేపారు. పునాది తీసేటప్పుడు నాతో ఒక్క మాట అనలేదు. స్లాబు పడిన రోజు మాత్రం బిర్యానీ పంపారు. నేను ముట్టలేదు. అప్పటి నుంచి మా పెరట్లో ఎండ లేదు. బట్టలు ఆరకపోతే ఆరకపోయె, నా కోపం వాటి కోసం కాదు.

నవంబరులో మా చర్చి వాళ్ళం చనిపోయినవాళ్ళ సమాధులు అలంకరించే సమాధుల పండగకి మా ఇంట్లో కొన్న పూలు పెట్టరు. పెరట్లో నాటు బంతి వేసి, ఆ పూలే పెడతారు. సమాధి మీద అవి ఎండాక ఏరుకొచ్చి, గుడ్డలో మూట కట్టి, మళ్ళీ తొలకరికి చల్లుతారు. మా అత్తగారు పెట్టిన పద్ధతి ఇది. ఆమె పోయాక మావారు చేశారు, ఆయన పోయాక నేను. ఒక్క ఏడు పూయకపోతే ఆ విత్తనం అక్కడితో ఆఖరు.

మేడ లేచిన ఏడు సగం విత్తనం చల్లాను. నారు పాలిపోయి, సన్నగా సాగి, వెలుతురు కోసం పక్కకి వాలిపోయింది. ఒక్క మొగ్గ తొడగలేదు. బావగారు బాల్కనీలోంచి చూసి సలహా పారేశారు.

"నీడల బతికే మొక్కలు మస్తున్నయమ్మా. అవి పెట్టుకోరాదు?"

"బతుకుడైతే నేను గూడ బతుకుతున్న బావగారూ. నాకు పూలు కావాలె."

అయినా సత్తుపల్లి నర్సరీకి వెళ్ళాను. నీడలో పూసేవి చూపించమంటే అతను అన్నీ ఆకులే చూపించాడు. స్నేక్ ప్లాంటట, మనీ ప్లాంటట.

"ఇవి చావయ్ మేడమ్. నీళ్ళు పోసుడు మర్చిపోయినా ఉంటయ్."

"చావనివి నాకెందుకయ్యా? పూసేది లేదా?"

"పీస్ లిల్లీ ఉంది. తెల్లగ పూస్తది. ఇంట్ల శాంతి ఉంటది."

శాంతి మాట వినేసరికి ఒళ్ళు మండింది. పెరడు బోసిగా చూడలేక పసుపు, తమలపాకు తీగ, వామాకు తెచ్చి నాటాను. నీడలో అవి ఏపుగా వచ్చాయి. ఎంత బాగా పెరిగితే అంత చిరాకేసింది, మేడతో రాజీపడ్డట్టు.

తోడికోడలు మంచిదే. "కుండీలు మా మేడ మీద పెట్టుకో, అక్కడ మస్తు ఎండ" అంది. మా పెరటి ఎండ కోసం నేను వాళ్ళ మెట్లెక్కాలట! ఎక్కలేదు. పొగరన్నారు. అవును, పొగరే.

మిగిలిన సగం విత్తనం ఆ శ్రావణంలోనే సమాధుల తోటకి పట్టుకెళ్ళాను. అత్తగారి సమాధికి ఎప్పుడో సిమెంటు చేయించారు. పక్కనే మావారిది ఇంకా మట్టిదే. మన్ను గుల్ల చేసి ఆయన మీదా, చుట్టూ చల్లాను. మేకలు రాకుండా ముళ్ళకంప కట్టాను. అక్కడ పొద్దంతా ఎండ.

పండగ నాటికి మట్టి కనిపించకుండా పూసింది. బావగారు బజారు దండలు పట్టుకుని వచ్చి, చూసి నిలబడిపోయారు.

"సమాధి మీద తోట ఏసినవేందమ్మా? తమ్మునికి గ్రానైట్ ఏయిద్దామనుకుంటున్న."

"వద్దు. మా పెరట్ల ఎండ మీరు తీస్కున్నరు. ఇది ఆయన వాటా. దీని మీద మీ రాయి పడొద్దు."

చుట్టూ చుట్టాలున్నారు. ఆయన ముఖం మాడిపోయింది. కాసేపటికి వంగి ఆ పూల వంక చూశారు. గుర్తుపట్టారని నాకు తెలిసింది. గొంతు తగ్గించారు.

"ఇవి అమ్మ బంతులే గదా. ఒక్క పువ్వు ఇయ్యి. అమ్మ మీద పెడత."

అత్తగారి సమాధి మీద నేను పొద్దున్నే పూలు పెట్టేశాను. ఆయన చెయ్యి చాచే ఉంది.

"మీరు కొనుక్కొచ్చిండ్రు గదా," అన్నాను, "అవి పెట్టండి."