పసుపు పేలిక కట్టిన డబ్బా

మా పక్కింటవ్వ పోయింది. డిసెంబరు మొదట్లో, ముసురు ఇంకా పూర్తిగా వదలని ఒక ఉదయం, నేను మనుబోలులో పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "అవ్వ లేవలేదు మే," అంది. ఒంట్లో బాగాలేదేమో అనుకుని, ఆసుపత్రికి తీసుకుపోయినారా అని అడిగాను.  "రాత్రి కాళ్లకు మందు రాసుకొని పడుకున్నింది. తెల్లారి పిలిస్తే పలకలా," అంది. బడికి సెలవు చెప్పి, మా ఊరికని కోట వైపు పోయే బస్సెక్కి కూర్చున్నాను. దారిపొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. పక్క సీటామె "ఎవరమ్మా పోయింది?" అని అడిగింది. "మా అవ్వ," అన్నాను. చుట్టరికం లేదని చెప్పాలని తోచలేదు.

నిజానికి మాకూ ఆమెకూ ఏ చుట్టరికమూ లేదు. మాది చేపలు పట్టే ఇల్లు. నాన్న పడవ మీద పోయేవాడు, అమ్మ రొయ్యల షెడ్డుకు పోయేది. అవ్వ వాళ్లది చర్చికి పోయే ఇల్లు. వయసులో ఉన్నప్పుడు ఆమె ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేదట. పని మానేసి మా ఊరు వచ్చినప్పుడు వెంట రెండు విద్యలు తెచ్చుకుంది. ఒకటి కేకు కాల్చడం. రెండోది, చలికాలంలో ఒంటికి రాసుకునే మందు చేయడం.

దాన్ని మందు అన్నది మేమే. ఆమె మాత్రం "మైనం" అనేది. కొబ్బరినూనె సన్నసెగ మీద పెట్టి, అందులో తేనెమైనం కరిగించి, దించాక చిటికెడు పచ్చకర్పూరం నలిపి వేసేది. లడ్డూల్లో వేస్తారే, ఆ పచ్చకర్పూరమే. మామూలు హారతి కర్పూరం చవగ్గా దొరుకుతుంది కదవ్వా అంటే కస్సుమనేది. "ఒంటికి రాసింది చేతికి అంటుద్ది, చేతికంటింది అన్నంలో పడుద్ది. నోట్లో పెట్టుకోలేంది ఒంటికి రాయబాకండి," అనేది. ఆమె రూలు అంతే. దానికి తిరుగులేదు.

ఆదివారాలు చర్చి నుంచి రాగానే మా వీధి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి మొహాలకు మీగడా, శనగపిండీ, ఎండబెట్టి దంచిన నిమ్మతొక్కల పొడీ కలిపి రుద్దేది. చలిగాలికి తెల్లగా పొలుసులు లేచిన బుగ్గల మీద అది చురచురమనేది. కళ్లు మండుతున్నాయని ఏడిస్తే, "ఏడువు, నోట్లోకి పోతే చప్పరించు, శనగపిండేగా," అనేది. ఆ నిమ్మతొక్కల్లోనే సగం తీసి కేకుకని దాచేది. ఆమె ఇంట్లో వంటగది సామాను వేరు, సోకుల సామాను వేరు అని ఉండేది కాదు.

నెల్లూరు సముద్రపు ఒడ్డున చలేమిటని నవ్వేవాళ్లున్నారు. నవ్వండి. పొద్దుటి నుంచీ ఐసునీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసి, ఆ తడిచేతులతో ఉప్పుగాలిలో ఇంటికి నడిచొచ్చి, అప్పుడు నవ్వండి. రొయ్య తల మీద కొమ్ము ముల్లులా గుచ్చుకుంటుంది. గుచ్చుకున్న చోటల్లా ఐసుకు పగిలి నోళ్లు తెరుస్తుంది. చలికాలమంతా మా అమ్మ వేళ్లు అట్లాగే ఉండేవి. కూరలో కారం తగిలితే ప్రాణం పోయేది. అందుకని అన్నం స్పూనుతో తినేది. నా చిన్నప్పుడు మా అమ్మకు స్పూనుతో తినడం ఇష్టమేమో అనుకునేదాన్ని. నలుగురిలో ఉంటే చేతులు పైటకొంగులో దాచుకునేది.

అవ్వకు అది కనబడకుండా ఉంటుందా? చిన్న గిన్నెలో కాస్త మైనం వేసుకొచ్చి మా గుమ్మంలో నిలబడేది. అమ్మ ఒప్పుకునేది కాదు. "మా చేతులకు ఈ సోకంతా ఎందుకులే అవ్వా. రేపు మళ్లా ఐసులో పెట్టేదే గదా," అని పంపేసేది. మా అమ్మ ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకునే మనిషి కాదు. ఆకలేస్తున్నా తిన్నానని చెప్పే రకం. అవ్వ గొణుక్కుంటూ తిరిగి పోయేది. "పొగరు మే నీకు. వేళ్లు తెగి పడినా పొగరు మాత్రం పడదు," అనేది పోతూ పోతూ.

ఇక కేకు సంగతి. ఓవెన్ అనేది మా ఊళ్లో ఎవరూ చూడని రోజులవి. అవ్వ దగ్గర మందపాటి సత్తు దబర ఒకటి ఉండేది. దాని అడుగున కాలవ ఇసుక పరిచేది. సముద్రపు ఇసుక పనికిరాదు, వేడికి అందులో గవ్వముక్కలు చిటపటమని పగులుతాయి. ఇసుక మీద చిన్న ముక్కాలిపీట, దాని మీద కేకుగిన్నె, పైన మూత, మూత మీద సరుగుడు బొగ్గుల నిప్పులు. లోపల కేకు పొంగుతుంటే ఆ వాసనకు మేం పిల్లలం ఆమె పెరటి దడి దగ్గర గుంపుగా నిలబడేవాళ్లం. క్రిస్మస్ ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ఆ కేకు కోసి అందరికీ పంచేవాళ్లు.

నేను మూడో తరగతిలో ఉన్న ఏడాది అవ్వ చేతికి బెణుకు పట్టింది. సాయం రమ్మని అమ్మను పిలిచింది. సాయమంటే అమ్మ కాదనదు. పండక్కి ముందు రోజు మధ్యాహ్నం ఇద్దరం పోయాము. అవ్వ నిప్పులు చూసుకుంటూ, "ఆ గూట్లో వెన్న డబ్బా ఉండాది, తీసి గిన్నెకు బాగా పట్టించు," అంది. గూట్లో రెండు పాలపొడి డబ్బాలున్నాయి. రెండింట్లోనూ తెల్లగా పేరుకున్నదే. ఒక డబ్బాకు మాత్రం పాత చీరలోంచి చింపిన పసుపు పేలిక కట్టి ఉంది. అమ్మ ఒక్క క్షణం రెండింటినీ చూసి, పేలిక కట్టిన డబ్బా తీసింది. గిన్నెకు నిండా పట్టించింది.

కేకు కాలాక దబర మూత తీసేసరికి ఇల్లంతా గుడి వాసన. కేకులోంచి లడ్డు వాసన వస్తోంది! అమ్మ డబ్బా వంక చూసింది, అవ్వ వంక చూసింది, నా చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. మూలన కూర్చుని ఏడ్చింది. "వాళ్ల దేవుడి పండగ పాడు చేసినానే," అని ఒకటే ఏడుపు. మా అమ్మ అంతగా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

కాసేపటికి అవ్వ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఏమ్మే, మైనం కలగలిసిపోకుండా నేను పేలిక కడితే, నువ్వు ఏరికోరి దాన్నే తీసినావే?"

"పసుపు గుడ్డ కట్టుండాది గదవ్వా," అంది అమ్మ, తలెత్తకుండా. "దేవుడికని తీసిపెట్టిన ముడుపనుకున్నా. పండగ్గదా, అదే తీయాలనుకున్నా."

మా ఇళ్లల్లో మొక్కుకున్నది ఏదైనా పసుపు గుడ్డలో కట్టి దాస్తాం. అవ్వకు అర్థమవడానికి ఓ నిమిషం పట్టింది. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టింది. బెణికిన చెయ్యి పట్టుకుని, "అమ్మా, నొప్పే" అంటూనే నవ్వింది. నవ్వి నవ్వి గుమ్మంలోనే చతికిలబడింది. "దేవుడిదనుకొని తీసినావా! ఇంక ఆయన వద్దంటాడా? మొహం కడుక్కో. రేపు పొద్దున్నే చర్చికాడికి రా," అంది.

మరునాడు అమ్మ చర్చి గేటు బయటే నిలబడింది, చేతులు కొంగులో దాచుకుని. ఆవరణలో కేకు కోశారు. ఒక పెద్దాయన ముక్క వాసన చూసి మొహం చిట్లించాడు. "మన కేకులో కర్పూరమేంది?" అన్నాడు. మా అమ్మ వెనక్కి తిరిగి పోబోయింది. అవ్వ గొంతు వినబడింది. "ఈ ఏడు గిన్నెకు రాసింది మా పక్కింటి పిల్ల. దేవుడికి తీసిపెట్టిందేదో ఎతికి మరీ రాసింది. అందులో తినగూడనిది ఒక్కటి లేదు, పూచీ నాది." ఆరాధన చేయించిన అయ్యగారు ముక్క నోట్లో వేసుకున్నారు. నములుతూ, "బాగుందవ్వా, ఇంకొంచెం పెట్టు," అన్నారు. అంతే, అందరూ చేతులు చాపారు. అవ్వ ఒక పెద్ద ముక్క తెచ్చి, గేటు బయట, అందరూ చూస్తుండగా, మా అమ్మ నోట్లో పెట్టింది.

ఆ మరుసటి ఏడు నుంచీ గిన్నెకు రాసే పని అమ్మదే అయింది. చెయ్యి బాగయినా అవ్వ ముట్టుకునేది కాదు. "నీ చెయ్యి పడాల్సిందే, చర్చిలో అడుగుతుండారు," అనేది. పండగ ఒక్కరోజు కాదు. మంచు మొదలైనప్పటి నుంచీ ప్రతి శనివారం ఒక నమూనా కేకు. పిండి సరిగ్గా పొంగుతుందో లేదో చూడాలట! ఎన్నో ఏళ్లుగా కాలుస్తున్న మనిషికి నమూనా ఏమిటని అడిగే బుద్ధి మాకెక్కడిది, తినడానికే సరిపోయేది. అవ్వ మూడువేళ్లతో పేలిక కట్టిన డబ్బాలోంచి గుప్పెడంత తీసి అమ్మ అరచేతిలో వేసేది. గిన్నెకు రాయగా సగానికి పైనే మిగిలేది. "పారెయ్యగూడదు మే, తేనెటీగల కష్టం. చేతులకు రాసుకో," అనేది. పారేయడమంటే అమ్మకూ ప్రాణం ఒప్పదు. రాసుకునేది.

ఆ చలికాలం చివర్లో ఒకరోజు అమ్మ చేత్తో అన్నం కలిపింది. రొయ్యల పులుసు, ఎర్రగా, కారంగా. కలిపి నాకు ముద్దలు పెట్టింది. అమ్మ చేతి ముద్ద చలికాలంలో తినడం నాకు అదే మొదలు. ఎంత తిన్నానో నాకే తెలియదు.

ఉద్యోగం వచ్చాక ఒకసారి అవ్వను నిలదీశాను. "ఒక్క గిన్నెకు అంత మైనం ఎందుకవ్వా?" అని. "లెక్కలు బళ్లో చెప్పుకో, నా పొయ్యికాడ గాదు," అని గరిటె చూపించింది. అమ్మ వైపు దొంగచూపు చూసింది. అమ్మ ఇసుక సర్దుతోంది. అమ్మకు తెలుసో లేదో నేను ఎప్పుడూ అడగలేదు.

మొన్న అవ్వ భూస్థాపన అయిపోయాక ఆమె కూతురు, మేం కావలి అత్త అని పిలుస్తాం, మా ఇంటికి వచ్చింది. చేతిలో పసుపు పేలిక కట్టిన డబ్బా. "మంచం పక్కనే ఉండాది వదినా. మూత కూడా సరిగ్గా పెట్టలా. నువ్వుంచుకో," అంది. ఈ ఏడు వాళ్లింట్లో పండగ లేదని, కేకు కూడా చేయడం లేదని చెప్పింది. చెబుతూ ఏడ్చింది. అమ్మ మూత తీసి చూసింది. పేరుకున్న మైనంలో మూడువేళ్ల చాళ్లు అట్లాగే ఉన్నాయి. అవ్వ ఆఖరిసారి తీసుకున్నవి.

అమ్మ ఆ డబ్బాను దేవుడి గూట్లో పెట్టేసింది. ఇప్పటికీ షెడ్డుకు పోతూనే ఉంది, మానమంటే వినదు. చేతులు మళ్లీ పగిలాయి. నేను శనివారం వచ్చేసరికి స్పూనుతో తింటోంది. నాకు మండింది. "ఎదురుగ్గా పెట్టుకుని పూజ చేస్తావా? తీసి రాసుకో," అని అరిచాను. "అవ్వ వేళ్ల గుర్తులు పోతాయి మే," అంది. "ఎండాకాలం వస్తే కరిగి ఎట్లాగూ పోతాయి," అన్నాను. "అప్పుడు చూద్దాంలే," అంది. మా అమ్మతో వాదించి గెలిచినవాళ్లు లేరు, ఆ ఒక్క మనిషి తప్ప.

పండక్కి ముందు రోజు పొద్దున నేను పక్కింటికి పోయి కావలి అత్తను దబర అడిగి తెచ్చాను. "మీ ఇంట్లో వద్దు సరే, మా ఇంట్లో కాలుస్తాం. చర్చి వాళ్లు మాత్రం ఏం పాపం చేశారు?" అన్నాను. మా అమ్మ కేకు ఎప్పుడూ కలపలేదు, నేనూ కలపలేదు. కానీ అన్నేళ్లు దడి దగ్గర నిలబడి చూసిన కళ్లు కదా. మైదా, గుడ్లు, చక్కెర, వెన్న, నిమ్మతొక్క వేసి కలిపాను. అమ్మ కాలవ ఇసుక జల్లించింది, బొగ్గులు రాజేసింది. అన్నీ అయ్యాయి. ఖాళీ గిన్నె అమ్మ ముందు పెట్టాను.

"వెన్న రాయి," అంది అమ్మ.

"గిన్నెకు రాసే పని నాది కాదు," అన్నాను. "చర్చిలో అడుగుతారు."

అమ్మ చాలాసేపు గిన్నె వంకే చూసింది. లేచి, దేవుడి గూట్లోంచి డబ్బా దించి, పసుపు పేలిక విప్పి భుజాన వేసుకుంది. మూత తీసింది. అవ్వ వేళ్ల చాళ్లలోనే తన మూడువేళ్లు పెట్టి, లోపలికి దించి, గుప్పెడంత తీసింది. అదేమిటో, కొలిచినట్టు అవ్వ తీసేంతే తీసింది. ఇంటినిండా ఆ వాసన. గిన్నెకు అడుగునా అంచులకూ ఓపిగ్గా పట్టించింది. సగానికి పైనే అరచేతిలో మిగిలింది. దాన్ని తిరిగి డబ్బాలో వేయబోయి, ఆగి, నా వంక చూసింది.

"పారెయ్యగూడదు మే," అన్నాను.  "చేతులకు రాసుకో."

అమ్మ అరుగు మీద కూర్చుంది. మూసి ఉన్న పక్కింటి తలుపు వైపు తిరిగి, ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుని, ఒక్కొక్క వేలికీ, వేళ్ల సందుల్లోకీ, నిదానంగా రాసుకోవడం మొదలుపెట్టింది.